సోమేశ్వరరావు వార్చిన స్పగెట్టి

మా మరిది సోమేశ్వరరావు ముప్పై ఆరేళ్ళు నీళ్ళ మీద పెత్తనం చేశాడు. ఇరిగేషన్‌లో లస్కరు ఉద్యోగం. ముక్తేశ్వరం ఇవతల నుంచి మా ఊరి దిగువ దాకా బ్రాంచి కాలవ మీద పదకొండు తూములున్నాయి. వాటి తలుపులు ఎత్తడం, దించడం, గట్లు జారకుండా చూసుకోవడం అతని పని. చెప్పుకోవడానికి చిన్న ఉద్యోగమే. ఆ మనిషి నడక చూస్తే మాత్రం, తను సంతకం పెడితే తప్ప గోదావరి సముద్రంలో కలవదేమో అనిపించేది.

అతను మా ఆయన బాబాయి కొడుకు. రెండిళ్ళకీ మధ్య ఒక్క ప్రహరీ గోడే, ఇద్దరికీ మా పెరట్లో ఒకటే నుయ్యి. కాబట్టి నేను చెప్పేది ఎవరో చెప్పగా విన్నది కాదు. మూడో తరగతిలో బడి మానేసినదాన్ని, రాయడం నా వల్ల కాదు గనక నేను చెబుతుంటే మా మనవరాలు తులసి రాస్తోంది.

ఉన్నమాట చెప్పాలి. ఉద్యోగంలో సోమేశ్వరరావుని వేలెత్తి చూపడానికి లేదు. ఊడ్పుల రోజుల్లో రైతులు అరటిగెలలు మోసుకొచ్చి గుమ్మంలో పెట్టేవారు, తలుపు ఇంకో రెండు అంగుళాలు ఎత్తమని. గెల ఎంత బరువుందో చూసి, ఆ బరువు మళ్ళీ వాళ్ళ భుజానికే ఎత్తి పంపేవాడు. "నాలుగు అంగుళాలన్నారు, నాలుగే ఎత్తుతానండి. కింద వాళ్ళకీ చేలున్నాయి గదండీ," అనేవాడు. ఎవరి దగ్గరా ఒక కాయ తినలేదు. ఇంట్లో తిన్నవాటికి మాత్రం అన్నిటికీ వంక పెట్టాడు.

కంచం ముందు కూర్చోగానే పప్పులో వేలు పెట్టి ఒక గీత గీసేవాడు. గీత పూడుకుపోతే నీళ్ళెక్కువయ్యాయనేవాడు. పూడకపోతే నీళ్ళు తగ్గాయనేవాడు. పులుసు పల్చన, చారు చిక్కన, మజ్జిగ మరీ పల్చన. ఏ రోజూ ఏ గిన్నెలోనూ నీళ్ళు ఉండాల్సినంత ఉన్నాయని అతని నోటి వెంట రాలేదు. వంట చేసిన మనిషి వీరలక్ష్మి, నా తోడికోడలు. ఆత్రేయపురం పిల్ల. పద్దెనిమిదో ఏట ఈ ఇంటికి వచ్చింది. కుండ మీద పూతరేకు తీసిన చెయ్యి అది, కన్ను మూసి తెరిచేలోగా పని అయిపోయేది. భర్త అన్నవన్నీ వినేది, గరిటె కడుక్కునేది, పక్క గది సర్దుకునేది. నోట్లో నాలుక లేని పిల్ల అని మా అత్తగారు మురిసిపోయేవారు. నాలుక ఉంది. పింఛను కాగితాల కోసం ఎదురు చూస్తోందని మాకెవరికీ తెలియదు.

రెండేళ్ళ కిందట ఏప్రిల్ ముప్పైన సోమేశ్వరరావు రిటైరయ్యాడు. శాలువా కప్పారు, దండ వేశారు. ఇతను లేని కాలవని ఊహించలేమని ఒక ఆఫీసరు మాట్లాడాడు. వేసవి మరమ్మతులకి కాలవలు కట్టేసిన రోజులవి. ఆయన ఊహించలేని కాలవలో ఆ పూట చుక్క నీరు లేదు, పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

మర్నాడు పొద్దున్న అతను అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చున్నాడు. కాఫీ రాలేదు. కాసేపటికి వీరలక్ష్మి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో తను కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"కాఫీ ఏదే?" అన్నాడు.

"నేనూ నిన్నటితో రిటైరైపోయేనండి," అంది.

అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. కాలవకి వేసవిలో రెండు నెలలు సెలవుంది, ఈ పొయ్యికి పెళ్ళయిన నాటి నుంచి ఒక్క రోజు లేదు, తనకి దండలూ శాలువాలూ అక్కర్లేదు గాని ఇక గరిటె పట్టనని నెమ్మదిగా చెప్పింది. గొంతు పెంచలేదు. మా వైపు ఆడవాళ్ళు గొంతు పెంచితే భయం లేదు. అండీ అండీ అంటూ నెమ్మదిగా చెబితేనే ఆ మాటకి తిరుగుండదు.

రెండు రోజులు ఇద్దరూ హోటలు ఇడ్లీలు తిన్నారు. మూడో రోజు అతను నా దగ్గరికి వచ్చి పెద్దదానిగా మందలించమన్నాడు. వీరలక్ష్మిని పిలిచాను. అక్కడే మనవాడు నోరు జారాడు.

"వంటేమన్నా బ్రహ్మవిద్యా వదినగారూ? నీళ్ళెక్కించడం, నీళ్ళు దింపడం. నేను పొలాలకే చేసేను."

"అయితే దింపి చూపించండి," అంది వీరలక్ష్మి.

ఏం వండాలో కూడా తనే చెప్పింది. స్పగెట్టి. నేను ఆ పేరు వినడం అదే మొదలు. మాఘమాసంలో అమలాపురంలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు అక్కడ ఒక బల్ల దగ్గర టోపీ పెట్టుకున్న కుర్రాడు అప్పటికప్పుడు వండి పెడుతున్నాడట, సన్నటి పొడుగాటి తీగల్లాంటి పిండివంటకం, ఎర్రటి టమాటా గుజ్జులో పొర్లించి. తినాలనిపించి వరసలో నిలబడింది. ముందు ఇద్దరే ఉన్నారనగా ఇతను వచ్చి బస్సు వెళ్ళిపోతుందని చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. ఇంటికెళ్ళి సేమియా చేసుకో, దాని తమ్ముడే అన్నాడట. అది మనసులో ఉండిపోయింది ఆవిడకి.

ఒప్పందం నా అరుగు మీదే జరిగింది. మూడు ఆదివారాలు గడువు, అందాకా ఇంట్లో వంట అతనిదే. ఆ మూడింట్లో ఒక్కసారైనా సోమేశ్వరరావు ఆకులో నీరు కనబడకుండా స్పగెట్టి వండి పెడితే, వీరలక్ష్మి మర్నాటి నుంచి మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్తుంది. పెట్టలేకపోతే ఉన్నన్నాళ్ళూ వంట అతనిదే. ఉప్పు, కారం, రుచి ఇవేవీ లెక్కలోకి రావు. "ఇన్నేళ్ళూ నా వంటలో నీళ్ళే చూసేరు గదండీ. నేనూ అవే చూస్తాను," అంది. తీర్పు చెప్పేది నేను.

మర్నాడే అతను అమలాపురం వెళ్ళి నాలుగు పొట్లాలు తెచ్చాడు. ఫోనులో ఒకావిడ వంట చూపిస్తుంటే పక్కన కాగితం పెట్టుకుని రాసుకున్నాడు. తూముల రిజిస్టరు రాసినంత శ్రద్ధగా రాశాడు. రాసింది ఒకటి, చేసింది ఒకటి.

మొదటి ఆదివారం చిన్న గిన్నెలో నాలుగు గ్లాసుల నీళ్ళే పెట్టాడు. నీరు వృథా చేస్తే ప్రాణం ఒప్పదు ఆ మనిషికి. పుల్లల్లా ఉన్న స్పగెట్టి సగం గిన్నెలో, సగం బయట. మునిగిన సగం మెత్తబడి ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దయిపోయింది. విడదీయడానికి రెండు చెంబుల చన్నీళ్ళు కుమ్మరించాడు. సేమియాకి అలా చేస్తారని ఎక్కడో చూశాడు. తర్వాత గిన్నెకి పళ్ళెం అడ్డం పెట్టి వంచాడు. ధార ఆగగానే నీళ్ళయిపోయాయనుకున్నాడు. టమాటాలు గ్లాసుడు నీళ్ళతో రుబ్బి, ఒక పొంగు రాగానే దింపేసి, పైనుంచి పోశాడు.

అరిటాకులో వడ్డించాక చూస్తే, మధ్యలో తెల్లగా దిబ్బ, దాని చుట్టూ ఎర్రనీళ్ళు. వరద రోజుల్లో మా లంకలు ఎలా ఉంటాయో అలా ఉంది.

వీరలక్ష్మి చాలాసేపు చూసింది. "ఏవండీ, మధ్యకెళ్ళాలంటే పంటెన్నింటికండీ?" అంది.

పంటంటే గోదావరి దాటించే బల్లకట్టు. నేను నవ్వు ఆపుకుని తీర్పు చెప్పాను. చెప్పడానికేముంది, నీళ్ళు ఆకు దాటి నేల మీదికి వచ్చి వాటి తీర్పు అవే చెప్పుకున్నాయి.

తప్పెక్కడుందో ఎవరైనా చెబితే బాగుపడేవాడేమో. బుధవారం కృపారావు గారు వచ్చారు. రాజోలు మనిషి, వర్కు ఇన్‌స్పెక్టరు, ఉద్యోగంలో సోమేశ్వరరావుకి పైవాడు. పింఛను కాగితాల మీద సంతకానికి వస్తే, ఇతను భోజనం చేస్తే గాని కదలనివ్వనని పట్టుబట్టి రెండో పొట్లం ఆయన మీద ప్రయోగించాడు. ఆయన పెద్దమనిషి. నూనె తేలిన ఆ నీళ్ళలోంచి ఒక్కో తీగా ఏరుకుని తిన్నారు. చివర్లో మిగిలింది పళ్ళెం ఎత్తి తాగేశారు.

"ఆయ్, చాలా బాగుందండి సోమేశ్వరరావు గారూ. ఇలాంటిది నేనెక్కడా తినలేదండి," అన్నారు.

అందులో అబద్ధం లేదు. మా కోనసీమలో మర్యాద అలా ఉంటుంది. ఎదుటివాడు బాధపడతాడని నిజాన్ని కూడా ఆయ్ అండీలతో కప్పి పెడతాం. ఆ మాట విన్నాక సోమేశ్వరరావు ఇక ఫోను చూడలేదు, కాగితం చూడలేదు. ఇన్‌స్పెక్టరు పాస్ చేసేశాక ఇంకేం చూస్తాడు.

రెండో ఆదివారం ధీమాగా పదకొండింటికే వండేసి గట్టిగా మూత పెట్టి ఉంచాడు. ఒంటిగంటకి మూత తీస్తే లోపలి ఆవిరంతా చెమటై మళ్ళీ అందులోకే కారింది. తీగలు ఉబ్బి వేలంత లావయ్యాయి. వీరలక్ష్మి ఆకు చివర పట్టుకుని వేలెడంత పైకెత్తింది. నీరు ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెత్తి అతని పంచె మీద పడింది. నేను వేలు అడ్డంగా ఊపాను. తీర్పు అయిపోయింది.

ఆ సాయంత్రం అతను మా పెరట్లోకి వచ్చి నూతి గట్టు మీద కూలబడ్డాడు. రెండు వారాలుగా తన వంట తనే తింటున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి.

"నీళ్ళు నా మాట వినట్లేదు వదినగారూ."

"కాలవలో నీ మాట విన్నాయని ఎవరు చెప్పేరు సోమేశం నీకు? అవి పల్లం మాట విన్నాయి."

మామూలుగా అయితే లేచి వెళ్ళిపోయేవాడు. వెళ్ళలేదు. అందుకని అడిగాను, నీ పెళ్ళాం అన్నం వారుస్తుంటే ఎప్పుడైనా చూశావా అని. ఆలోచించాడు. లేదన్నాడు. ఇన్నేళ్ళు అన్నం మీద తీర్పులిచ్చిన మనిషి అది ఎలా తయారవుతుందో ఒక్క రోజూ చూడలేదు.

నేను ఇప్పటికీ కట్టెల పొయ్యి మీద అన్నం వారుస్తాను. కుక్కరు అన్నం నాకు గొంతు దిగదు. మర్నాడు పొద్దున్న అతన్ని పీట వేసి కూర్చోబెట్టాను. గిన్నెలో ఎసరు నిండుగా పెట్టాలని చూపించాను. నీళ్ళు బాగా ఉంటేనే మెతుకు తిరగడానికి చోటుంటుంది, చోటుంటేనే విడివిడిగా ఉడుకుతుంది. మరీ మెత్తబడక ముందే, లోపల పలుకు ఉందా లేదా అన్నట్టు ఉన్నప్పుడే, సిబ్బి మూసి వంచాలి. సిబ్బంటే చిల్లులున్న మూత. వంచగానే ధార వస్తుంది, ఆగుతుంది. మనవాడు అక్కడికి లేవబోయాడు. భుజం పట్టి కూర్చోబెట్టాను.

"ధార ఆగితే నీళ్ళయిపోయినట్టు కాదు. బొట్టు ఆగాలి," అన్నాను.

బొట్టు ఆగేదాకా ఇద్దరం చూశాం. ఆగాక గిన్నె నిలబెట్టి, సన్నటి నిప్పు మీద మూత వారగా పెట్టి రెండు నిమిషాలు ఉంచాను. మెతుకుని పట్టుకున్న తడి ఆవిరై పోతుంది. ఇంత చేస్తేనే అన్నం. చన్నీళ్ళు పోసి కడుగుతారా ఎవరైనా అని అడిగితే తల వంచుకున్నాడు. కడిగితే పైన జిగురు పోతుంది, జిగురు పోతే ఏ గుజ్జూ దాన్ని అంటుకోదు, జారిపోయి కింద చేరుతుంది. ఇక టమాటాకి నీళ్ళెందుకు, అదే సగం నీళ్ళు. ఉల్లిపాయా వెల్లుల్లీ వేగాక ముక్కలు వేసి, కూరకి ఎలా మగ్గిస్తామో అలా మగ్గించాలి. గరిటెతో తోస్తే దారి పడి అది వెంటనే పూడకూడదు, పక్కన నూనె తేలాలి. అప్పుడు వార్చిన తీగలు అందులో వేసి, మంట మీదే రెండు నిమిషాలు కలిపితే మిగిలిన కాస్త తడినీ అవే పీల్చేసుకుంటాయి. మరీ బిగిసిపోతే వార్చిన నీళ్ళు ఒక్క గరిటె. ఆ పైన మూత పెట్టి దాచడం లేదు, తినే మనిషి కూర్చున్నాకే వండాలి.

నేను స్పగెట్టి ఎప్పుడూ వండలేదు. తడి ఎక్కడైనా తడే, దానికి దేశం లేదు.

ప్రహరీ అవతల నుంచి వీరలక్ష్మి చూస్తూనే ఉంది. "అక్కయ్యా, జడ్జీ గారు పాఠాలు కూడా చెబుతారా అండీ?" అంది. ఈ ముద్దాయి ఆకలితో పోతే తీర్పు ఎవరికి చెప్పుకోనని అన్నాను.

వారం పొడుగునా అతను మా పెరట్లో అన్నం వార్చాడు. చెయ్యి కాల్చుకున్నాడు, గంజి కాలి మీద పోసుకున్నాడు, శుక్రవారానికి బొట్టు ఆగేదాకా నిలబడడం నేర్చుకున్నాడు.

మూడో ఆదివారం. వీరలక్ష్మి స్నానం చేసి చీర మార్చుకుని వచ్చింది. ఓడిపోతే రేపటి నుంచి మళ్ళీ ఆ మంట ముందే నిలబడాలి. ఆ సంగతి ముఖంలో కనబడుతోంది. వారమంతా చీకటితో లేవకుండా పడుకుంది. తన చెల్లెలి ఊరు వెళ్ళి ఒక పూట ఉండి వచ్చింది. తోటలో కొబ్బరి దింపుతుంటే నీడలో కూర్చుని చూసింది. ఇదంతా ఒక గిన్నెలో నీళ్ళ మీద ఆధారపడి ఉంది.

సోమేశ్వరరావు పెద్ద గిన్నెలో ఉప్పు వేసి నీళ్ళు మరిగించాడు. తీగలు వేసి ముద్ద కట్టకుండా కదిపాడు. ఒకటి తీసి కొరికి చూసి, పలుకు ఉండగానే వార్చాడు. ధార ఆగింది. కదలలేదు. బొట్టు ఆగింది. నా వైపు చూశాడు. నేను జడ్జీని కాబట్టి దూలం వైపు చూశాను. మూకుట్లో టమాటా నూనె తేలి చిటచిటలాడుతోంది. తీగలు అందులో పడేసి రెండు గరిటెలతో ఎత్తి పోస్తూ కలిపాడు. నా కళ్ళతో చూశాను, మూకుడు అడుగున గరిటె గీస్తే ఇనుము కనబడింది, తడి లేదు. ఒక్కో తీగా ఎర్రగా మెరుస్తోంది.

వీరలక్ష్మి ఆకు ముందు కూర్చుంది. అతను పట్టుకొచ్చి వడ్డించాడు. వడ్డించి రెండు అడుగులు వెనక్కి వేశాడు. నెమ్మదిగా, ఆకు నడిమి ఈనె పక్కనుంచి, వేలు వెడల్పున నీరు బయటికి పాకింది.

"అక్కయ్యా, చూసేరు గదండీ," అంది వీరలక్ష్మి. గొంతులో గెలిచిన సంతోషం కంటే, ఊపిరి పీల్చుకున్న చప్పుడే ఎక్కువుంది.

చూశాను. నీళ్ళు నీళ్ళే. నోరు తెరవబోయాను.

సోమేశ్వరరావు చెయ్యి అడ్డం పెట్టి ఆకు ముందు గొంతుక్కూర్చున్నాడు. తల వంచి ఈ పక్కనుంచి చూశాడు, ఆ పక్కనుంచి చూశాడు. కాలవ గట్టు కింద చెమ్మ కనబడితే అలాగే కూర్చుని చూసేవాడట. గట్టు లోపల కోసుకుపోతుంటే వచ్చే నీరు మట్టి రంగులో వస్తుంది, అప్పుడు పరుగెత్తాలి. ఊరికే ఊరే నీరయితే తేటగా వస్తుంది, దానికి వేరే దారి ఉంటుంది. వేలి కొనతో ఆ తడి అంటించుకుని వెలుగులో పెట్టి చూశాడు.

"ఇది తేట నీరు. నా గుజ్జులోంచి వస్తే ఎర్రగా రావాలి గదా. ఇది నాది కాదు వదినగారూ," అన్నాడు. తర్వాత పెళ్ళాం వైపు తిరిగి, "చెయ్యి చూపించు," అన్నాడు.

వీరలక్ష్మి కుడిచెయ్యి చూసుకుంది. వేళ్ళు తడిగా ఉన్నాయి. పక్కన గ్లాసు సగం ఖాళీగా ఉంది. కూర్చోగానే గ్లాసులోంచి ఇన్ని నీళ్ళు ఒంపుకుని ఆకు మీద చల్లి, అరచేత్తో తుడిచింది. మేమందరం చేసే పనే. అరిటాకు ముందు కూర్చున్నాక నీళ్ళు చల్లకుండా అన్నం పెట్టించుకున్న మనిషి మా జిల్లాలో ఉండడు. అన్నానికి ఆ తడి ఏపాటి, పీల్చేసుకుంటుంది. ఈ తీగల కింద అది ఈనె పట్టుకుని నిలబడి, బరువు పడగానే బయటికి వచ్చింది. చల్లుతుండగా నేను పక్కనే ఉన్నాను. చూశాను. చూడలేదు. మొదటి రెండు ఆదివారాలూ కూడా చల్లే ఉంటుంది, ఆ వరదలో ఈ చెంచాడు నీళ్ళు ఎవరికి కనబడతాయి.

కావాలని చేసిందా అని మీరు అడగొచ్చు. నేను ఆ ముఖం చూశాను. కావాలని చేసిన మనిషి తన చేతిని అలా చూసుకోదు. ఎవరు కూర్చున్నా ఆకులో నీళ్ళు చల్లి వడ్డించిన చెయ్యి అది, ఊరుకోమంటే ఊరుకునేది కాదు.

అతను మూకుట్లో మిగిలింది పొడి స్టీలు పళ్ళెంలో పెట్టి తెచ్చాడు. ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం. పక్క వీధి మసీదులో మధ్యాహ్నం నమాజు పిలుపు మొదలై ముగిసే దాకా చూశాం. చుక్క రాలేదు.

"సోమేశం నెగ్గేడు," అన్నాను. నా నోటికి ఆ మాట చేదుగానే ఉంది, కాని తీర్పు తీర్పే.

వీరలక్ష్మి ఆ పళ్ళెం ముందుకు లాక్కుంది. తీగలు వేలికి చుట్టుకుని నోట్లో పెట్టుకుంది. తినడం మొదలుపెట్టాక ఆగలేదు. పెళ్ళిలో వరసలో నిలబడి తినలేకపోయినదంతా కూర్చుని తిన్నది. అతను పళ్ళెం చూడడం మానేసి ఆవిడ నోరు చూస్తున్నాడు. ఉప్పు సరిపోయిందా, కారం ఎక్కువైందా, ఏదో ఒకటి అంటుందని. నెగ్గిన మనిషికి ఇంకేం కావాలి? కావాలి. మూడు వారాలు చేతులు కాల్చుకున్న మనిషికి ఒక మాట కావాలి. అతనికా సంగతి అప్పుడే తెలిసింది.

ఆవిడ వేళ్ళు తుడుచుకుని అతని వైపు చూసింది.

"బాగుందండి," అంది. కాస్త ఆగి, "ఈ మాట అనడానికి ఎంతసేపూ పట్టలేదు. చూసేరా?" అంది.

పళ్ళెం తీసుకెళ్ళి కడిగేసింది. అతను ఉన్నచోటే కూర్చుండిపోయాడు.

సోమవారం తెల్లవారకుండానే వీరలక్ష్మి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. మాట ఇచ్చిన మనిషి. నాకు ఆ పూట కాఫీ తాగబుద్ధి కాలేదు. న్యాయం చెప్పడం తేలికే, చెప్పాక వచ్చే వాసన భరించడం కష్టం. పప్పు తాలింపు వాసన ప్రహరీ దాటి వచ్చింది.

కానీ నేను ఒక సంగతి లెక్కలోకి తీసుకోలేదు. మూడు వారాల్లో ఆ వంటిల్లు అతని సెక్షన్ అయిపోయింది. ఉప్పు డబ్బా చింతపండు చోట ఉంది, చింతపండు పై అటకలో ఉంది, గరిటెలన్నీ పొడుగుని బట్టి మేకులకి వేలాడుతున్నాయి. వీరలక్ష్మి ఏది వెతికినా అతను గుమ్మంలో నిలబడి చెబుతున్నాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. వంకలు పెట్టడం మాత్రం మానేశాడు. అంతకంటే ఘోరం మొదలుపెట్టాడు, సలహాలు.

"ఎసరు ఇంకో గ్లాసు పొయ్యి, మెతుకు తిరగాలి గదా." "మూత వారగా పెట్టు." "అప్పుడే నిలబెట్టేవేంటి, బొట్టు ఆగాలి."

చెబుతున్నది ఎవరికి? పుట్టినప్పటి నుంచి అన్నం వారుస్తున్న మనిషికి. వారం కిందట నేను నేర్పిన మాటలే, నా గొంతుతో సహా. బుధవారం మధ్యాహ్నం వీరలక్ష్మి సిబ్బి అతని చేతిలో పెట్టింది.

"నేను మాట తప్పలేదండి. వండడానికి వచ్చేను. వండనివ్వనిది మీరు," అని బయటికి వచ్చి మా అరుగు మీద కూర్చుంది.

అతను పరుగెత్తుకొచ్చి మళ్ళీ నన్ను తీర్పు చెప్పమన్నాడు. నాకు మోకాళ్ళ నొప్పులున్నాయి, తీర్పులు మానేశానని చెప్పాను. లోపల పొయ్యి మీద అన్నం మెత్తబడిపోతోంది. అతను అక్కడ నిలబడలేకపోయాడు. వెళ్ళి వార్చాడు. ఆ రోజు నుంచి అతనే వారుస్తున్నాడు. నెగ్గి వంటవాడైన మనిషిని నేను ఇతన్నే చూశాను.

రెండేళ్ళయింది. చెయ్యి బాగా తిరిగింది. స్పగెట్టి మళ్ళీ మూడు నాలుగు సార్లు చేశాడు, కృపారావు గారిని పిలిచి పెడితే ఆయన ఈసారీ అదే మాట అన్నారు, ఇలాంటిది ఎక్కడా తినలేదని. పాపం ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే. వీరలక్ష్మి మాత్రం తిన్నాక బాగుంటే బాగుందంటుంది, లేకపోతే ఏమీ అనదు. ఏమీ అనని రోజున అతను సాయంత్రం దాకా ముభావంగా ఉంటాడు. అనుభవిస్తున్నాడులే అనుకుంటాను.

మొన్న శుక్రవారం అతను గుమ్మంలోకి వచ్చి, గరిటె చేత్తో పట్టుకుని పెళ్ళాన్ని అడిగాడు, రేపు నీకేం తినాలనుందే అని. అడగ్గానే చెప్పేస్తుందనుకున్నాం. వీరలక్ష్మి నోరు తెరిచింది, మూసింది. అతనికేం ఇష్టమో చెప్పగలదు, పోయిన అత్తగారికేం ఇష్టమో, పిల్లలకేం ఇష్టమో, నాకేం ఇష్టమో చెప్పగలదు. తనకేం ఇష్టమో ఎప్పుడూ ఎవరూ అడగలేదు, తనూ అడుక్కోలేదు. ఆలోచించి చెబుతానంది.

శనివారం గడిచింది, ఆదివారం గడిచింది. ఆవిడ అరుగు మీద కూర్చుని ఆలోచిస్తూనే ఉంది. చెప్పేదాకా పొయ్యి వెలిగించనని అతను పట్టుపట్టి పక్కనే కూర్చున్నాడు. ఆ రెండు రోజులూ ఇద్దరికీ నేనే వండాను.